దగ్గితే చెయ్యెత్తాలి

పొద్దున్నే ఆ ఇంట్లో మనిషికో తొందర. అత్తగారు తడిగుడ్డ కప్పిన ఆకుకూరల గంపను గడప దాకా తెచ్చింది. కోడలు పిల్లదానికి జడ వేస్తూనే పొయ్యి మీది పాల మీద ఓ కన్నేసి ఉంచింది. మైకు మాత్రం అద్దం ముందు నిలబడి ఇస్త్రీ చొక్కా కాలరు సర్దుకుంటున్నాడు, కౌన్సిల్ మీటింగు తనదే అయినట్టు.

కన్నవాళ్లు పెట్టిన పేరు ఏదో ఉంది గానీ, మైకుసెట్లు, కుర్చీలు అద్దెకిచ్చే షాపు పెట్టాక ఊరంతా అతన్ని మైకు అనే పిలుస్తోంది. షాపుకు తగ్గ నోరే. తమ వార్డు ఆడవాళ్లకు కేటాయించారని పెళ్లాన్ని పోటీకి నిలబెట్టాడు. గెలిచింది ఆవిడ, అభినందనలు అందుకున్నది ఈయన. మీటింగుల్లో ఆవిడ ముందు వరసలో కూర్చుంటుంది, ఈయన వెనక బెంచీలో. ఈయన దగ్గితే ఆవిడ చెయ్యెత్తాలి, దగ్గకపోతే ఊరుకోవాలి. అదీ ఏర్పాటు. ఇంతవరకూ ఒక్కసారీ తేడా రాలేదని లోలోపల మురిసిపోయేవాడు కూడా. ఏం మనిషో.

"ఇవాళ్టి తీర్మానం గుర్తుందిగా?" అన్నాడు అద్దంలోంచే. "బస్టాండు పక్కన రోడ్డు మీద అమ్ముకునేవాళ్లను ఖాళీ చేయించి కాంప్లెక్సు కడతారు. నేను దగ్గగానే ఎత్తెయ్."

గంప ఎత్తబోతున్న తల్లి చేతులు ఆగిపోయాయి.

"ఖాళీ చేయించేది నన్నేనా, నాన్నా?"

"అబ్బ, వెళ్లగొట్టరమ్మా. పై అంతస్తులో మీకందరికీ తలో గది ఇస్తారు. కింద మూల షాపు నాకిస్తానని చైర్మన్ గారు మాటిచ్చారు. అయినా ఇంకా ఆ ఎండలో నీకెందుకు? కౌన్సిలరు అత్తగారు రోడ్డు మీద కూర్చుంటే నాకెంత తలవంపులు?"

"ఆ తలవంపులతోనేరా నిన్ను పెంచింది," అంది తల్లి నెమ్మదిగా. "కట్ట ఆకుకూర కోసం మెట్లెక్కి ఎవరొస్తారు?"

కోడలు జడ వదల్లేదు, తలెత్తలేదు. "మొన్న అత్తయ్య జ్వరంతో పడుకుంటే తోట నుంచి వచ్చిన సరుకు ఎవరమ్మారో తెలుసా మీకు?"

"నాకెలా తెలుస్తుంది?"

"అటుపక్క దుంపలావిడ, ఇటుపక్క నిమ్మకాయలావిడ. అక్కడ ఒకరు రాకపోతే పక్కవాళ్లు ఆ గంప తమవైపు లాక్కుని అమ్మిపెడతారు. గదికో షట్టరు బిగిస్తే ఎవరికెవరు కనబడతారండీ?"

"ఇప్పుడు నీ ఉపన్యాసాలు వినే ఓపిక లేదు. నేను మాటిచ్చేశాను."

"మాట మీరిచ్చారు. చెయ్యి నాది."

మైకు మొహం ఎర్రబడింది. "నా వల్ల వచ్చిన పదవే అది, మర్చిపోకు. అందరిముందూ నన్ను నవ్వులపాలు చేశావో, మన మధ్య ఇక మాటలుండవు."

తల్లి గంప నెత్తికెత్తుకుని బయటికి నడిచింది. కోడలు పొంగబోతున్న పాలు దించింది.

మధ్యాహ్నం హాల్లో చైర్మన్ తీర్మానం గడగడా చదివేసి, "అనుకూలమైనవాళ్లు చేతులెత్తండి," అన్నాడు. మైకు దగ్గాడు. చాలా చేతులు లేచాయి గానీ, లేవాల్సింది లేవలేదు. వినబడలేదేమోనని ఇంకాస్త గట్టిగా దగ్గాడు. మూడోసారి నిజంగానే పొలమారి, ఉక్కిరిబిక్కిరయ్యాడు.

"వెనక మా ఆయనకు కాసిని మంచినీళ్లివ్వండి," అంది ఆవిడ అటెండరుతో, తల తిప్పకుండానే. హాలంతా గొల్లుమంది.

ఆ నవ్వులు అణగకముందే ఆవిడ లేచి నిలబడింది. "నేను దీనికి వ్యతిరేకమండీ. మా అత్తగారితో కలిసి నేనూ అక్కడ అమ్మినదాన్నే. బేరం తగిలితే నా పాపను పక్కావిడ ఒళ్లో పడుకోబెట్టుకునేది. ఒకరినొకరు కనిపెట్టుకుని ఉండబట్టే మా ఇళ్లు నిలబడ్డాయి. కాంప్లెక్సు కట్టండి, వద్దనను. కింద అంతస్తు మాత్రం గోడలు లేకుండా వాళ్లకివ్వండి."

చైర్మన్ ఇబ్బందిగా నవ్వాడు. "మీవారు ఒప్పుకున్నారే, అమ్మా?"

"మావారికి ఇక్కడ ఓటు లేదండి."

ఈసారి ఎవరూ నవ్వలేదు. ఎత్తి ఉన్న చేతుల్లో ఒక ఆడమనిషి చెయ్యి దిగింది. ఆవిడ భర్తా వెనక బెంచీలోనే ఉన్నాడు పాపం, దగ్గీ దగ్గీ ఊరుకున్నాడు. ఇంకొకటి దిగింది. తర్వాత ఇంకొకటి. తీర్మానం వీగిపోయింది.

మైకు విసురుగా వరండాలోకి వచ్చాడు. గంప దుంపలావిడకు అప్పగించి వచ్చిన తల్లి అక్కడ తలుపు వారగా నిలబడి ఉంది. కొడుకు ఎదురుగా వచ్చినా ఆవిడ చూపు హాల్లోంచి మరలలేదు, చెంపల మీద నీళ్లు తుడుచుకోను కూడా లేదు. అంత గర్వం తల్లి కళ్లలో అతను పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. అది తన కోసం కాదు. ఎండలో కూర్చుని తనను పెంచిన మనిషిని ఎండ పేరు చెప్పి లేపేయబోయాడు తను. సిగ్గుతో ప్రాణం చచ్చిపోయినట్టయింది.

భార్య బయటికొచ్చింది. అత్తాకోడళ్లు చేతులు పట్టుకుని నిలబడ్డారు. మైకు దగ్గరికి వచ్చాడు.

"భయం వెయ్యలేదూ?"

"వేసిందండీ. మీవైపు చూస్తే ఎక్కడ కూర్చుండిపోతానోనని తిరగలేదు."

ఆ మాటకు అతని కళ్లు నిండిపోయాయి. తల్లి ముందు, పెళ్లాం ముందు దాచుకోలేకపోయాడు.

"ఈసారి నావైపు చూడు," అన్నాడు. "కూర్చోమనను."