కాలిన పత్తిమిల్లు వెనక బంతి చప్పుడు

విరుదునగర్ స్టేషను దాటి సాత్తూరు దారిలో కొంచెం దూరం పోతే, రైలు కట్ట పక్కన, కాలిపోయిన పత్తిమిల్లు ఒకటి ఉండేదంట. దాని వెనకున్న ఖాళీ జాగాలోకి పొద్దుగుంకినాక ఎవరూ అడుగుపెట్టేవాళ్ళు కాదు. పత్తి బండ్లు తోలేవాళ్ళు కూడా అక్కడికి వచ్చేసరికి మాటలు ఆపేసి, ఎద్దుల మెడగంటలు చేత్తో పట్టుకుని దాటించేవాళ్ళంట.

ఎందుకంటే ఆ చీకట్లో బంతి ఆడుతున్న చప్పుడు వినబడేది.

థప్... కాసేపు ఏమీ ఉండదు... మళ్ళీ థప్.

అరుపుల్లేవు. ఈలల్లేవు. బంతి చప్పుడొక్కటే. మిల్లు మంటల్లో పోయిన కూలీలని కొందరు, రైలు కింద పడినవాడని కొందరు... పోయింది ఎవరో సరిగ్గా చెప్పగలిగినవాళ్ళు మాత్రం లేరు.

ఈ కథ నాకు చెప్పింది మా తాత రంగప్ప. కోవిల్‌పట్టి పక్కన నల్లరేగడి పల్లె ఆయనది. సేద్యం తప్ప ఇంకో లోకం తెలియదు. జన్మలో బంతిని కాలితో తాకి ఎరగడు. అట్లాంటి మనిషి, పంతొమ్మిదొందల ముప్పై దాటిన కొత్తలో, ఒక ఎండాకాలమంతా బంతాట ఎక్కడుంటే అక్కడికి తిరిగాడు.

కళుగుమలై కొండ కింద, సాత్తూరు ఏటి ఇసకలో, తూత్తుకుడి ఉప్పుమడుల పక్కన... పేరున్న జట్లు కావు. గూడ్సు షెడ్డు కూలీలు ఒక వైపు, మిల్లు గుమస్తాలు ఒక వైపు. గీత కూడా సున్నంతో కాదు, బూడిదతో గీసేవాళ్ళు. తాత ఆ గీత పక్కన నిలబడి, బంతిని వదిలేసి, ఆడేవాళ్ళ ముఖాలు ఒక్కొక్కటే చూసుకుంటూ పోయేవాడు. ఆట అయిపోగానే ఎవర్నో ఒకర్ని అడిగేవాడు — ఈపక్క ఇంకెక్కడ ఆడతారు నాయనా?

ఊళ్ళో జనం నవ్వారు. సేద్యం వదిలేసి రంగప్పకు బంతి పిచ్చి పట్టిందన్నారు.

పిచ్చి కాదు. ఆయన వెతుకుతున్నది తమ్ముణ్ణి.

తమ్ముడి పేరు చెల్లసామి. పని కోసం తూత్తుకుడి పోయాడు. పగలు ఓడల దగ్గర మూటలు మోసేవాడు, సాయంత్రం బంతి ఆడేవాడు. పండగకీ పబ్బానికీ ఇంటికి వచ్చేవాడు. తరవాత రావడం మానేశాడు. కబురూ లేదు. ఈలోగా వాళ్ళమ్మ పెరియనాయగి మంచం పట్టింది. సద్దగంజి నోట్లో పోస్తే పక్కలకు కారిపోయేది. కళ్ళు మూసుకునే అడిగేది — "చిన్నోడు వచ్చినాడా?"

"వస్తా ఉండాడమ్మా," అనేవాడు తాత.

"ఎక్కడి దాకా వచ్చినాడు?"

ఆ ప్రశ్నకు జవాబు తేవడానికే ఆయన ఊళ్ళు పట్టుకుని తిరిగాడు. తమ్ముడు తిండి వదిలినా బంతి వదలడు. బతికుంటే ఏదో ఒక బంతి దగ్గర ఉంటాడు... ఆయనకు తెలిసిన ఆచూకీ అంతే.

తూత్తుకుడిలో ఒక దొర కనిపించాడు. స్కాట్లాండు మనిషి, మిల్లులో ఇంజనీరు. కూలీల జట్టును కూడగట్టింది ఆయనే. తాత ప్రతి ఆటకీ రావడం గమనించి పిలిపించాడు. "మా ఊరి వైపు కూడా నీలాంటోళ్ళున్నారు. శనివారం వస్తే చాలు, ఎవరికీ తెలియని జట్ల ఆట చూడ్డానికి వానలో తడుస్తూ ఊరూరూ పోతారు. నీకు ఏ జట్టంటే ఇష్టం?" అని గుమస్తా చేత అడిగించాడు.

"జట్టుతో నాకేం పని దొరా," అన్నాడు తాత. "నా తమ్ముడు కావాల. చెల్లసామి."

దొర ముఖంలో నవ్వు పోయింది. సముద్రం వైపు చూస్తూ చెప్పాడు. చెల్లసామి తన జట్టులో ఎడమ పక్క ఆడేవాడు. వాడిలా పరిగెత్తేవాణ్ణి మళ్ళీ చూడలేదు. కిందటేడు వాడికి అమ్మవారు పోసింది. ఊరి బయట రోగుల పాకల్లోకి మోసుకుపోయారు. అక్కడినుంచి ఏమయ్యాడో... అడిగినా తేలలేదు.

తాత ఆ పాకలకు పోయాడు. అక్కడ పాకలు కాల్చేసిన బూడిద తప్ప ఏమీ లేదు.

అయినా తిరగడం మానలేదు. శవాన్ని చూసినవాళ్ళు లేరు గదా అనుకున్నాడు. ఆ ఒక్క మాట పట్టుకుని శ్రీవిల్లిపుత్తూరు పోయాడు, ఒట్టి చేతులతో వచ్చాడు. ఇంట్లో అమ్మకు మాట కూడా పడిపోతోంది. పెదాలు మాత్రం కదులుతున్నాయి. ఇంటి ఆడవాళ్ళు ఏడవడానికి సిద్ధంగా గోడవారన కూర్చున్నారు.

మిగిలింది విరుదునగర్ ఒక్కటే. బడి మైదానంలో ఆట ఉందని తెలిసి రైలెక్కాడు. అక్కడా తమ్ముడు లేడు. జనం వెళ్ళిపోయారు. తాత ఆ ఖాళీ నేల మీద కూలబడ్డాడు. ఏ ముఖం పెట్టుకుని ఇంటికి పోవాలి... అమ్మకు ఏం చెప్పాలి...

వేరుశెనక్కాయలు అమ్మే ముసలామె గంప ఎత్తుకుంటూ ఆగింది. "ఎవరికోసమయ్యా?" అని అరవంలో అడిగింది. తాత చెప్పాడు. మళ్ళీ అలవాటుగా అదే అడిగాడు — ఇంకెక్కడన్నా ఆడతారా?

ఆమె చుట్టూ చూసింది. గొంతు తగ్గించింది.

"ఇంకొక చోట ఆడతారు... కానీ ఆడేది మనుషులు కాదు."

తాత లేచి నిలబడ్డాడు. దారి అడిగాడు. ఆమె చెప్పనంది. చేతులు జోడించాడు.

"బతికి ఉంటే పిలుచుకుపోతా. దెయ్యమై ఉంటే, మా అమ్మ మంచం దగ్గరికి దెయ్యంగానే రమ్మంటా. దారి చెప్పు తల్లీ."

మిల్లు చేరేసరికి చీకటి పడింది. గేటు దగ్గర కాపలాదారు సుడలైమాడన్ లాంతరు పెట్టుకుని కూర్చున్నాడు. తాతను చూసి అడ్డం వచ్చాడు.

"మిల్లు వెనక జాగాలోకి పోవద్దు అయ్యా. నేనే పోను."

"లోపల ఎవరున్నారు?"

సుడలైమాడన్ కళ్ళు దించుకున్నాడు. "ఎవరూ లేరు... దెయ్యం ఉంది."

అప్పుడే వినబడింది.

థప్.

కాసేపు ఏమీ లేదు. ఆ తరవాత నాలుకతో చేసే చిన్న చప్పుడు... ట్చ... ట్చ... దాని వెంటనే మళ్ళీ థప్.

ఆ నాలుక చప్పుడు ఆయనకు తెలుసు. పొలంలో ఎద్దుల్ని అదిలించేటప్పుడు తమ్ముడు చేసే చప్పుడు అది. బంతిని తన్నేముందు కూడా వాడు అట్లనే చేసేవాడు. ఎద్దయినా బంతయినా వాడికి ఒకటే అని అమ్మ నవ్వేది.

సుడలైమాడన్ చెయ్యి విదిలించుకుని తాత లోపలికి పోయాడు. కాలిన దూలాల మధ్య తడుముకుంటూ, మోకాళ్ళు గీరుకుపోతుంటే వెనక జాగాలోకి చేరాడు. చుక్కల వెలుతురులో ఒక మనిషి కనిపించాడు. చిక్కిపోయిన ఒళ్ళు. తల ఒక పక్కకు వంచి వింటున్నాడు. బంతి చీకట్లోంచి దొర్లుకుంటూ వచ్చింది. వాడు ఎడమ కాలితో ఆపాడు. ట్చ... ట్చ... తన్నాడు.

"చెల్లసామీ," అన్నాడు తాత.

ఆ మనిషి ఇటు తిరిగాడు. ముఖమంతా గుంతలు. రెండు కళ్ళ చోట తెల్లని పొర.

"అన్నా..." అని, రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు.

తాత వాణ్ణి కావిలించుకున్నాడు. దెయ్యం కాదు. ఒళ్ళు వెచ్చగా ఉంది, చెమట వాసన వస్తోంది. ఇద్దరూ నేల మీద కూర్చుని ఏడ్చారు. అమ్మవారు కళ్ళు తీసుకుపోయిందని, పాకల్లోంచి రైల్లో తెచ్చినవాళ్ళు ఈ ఊరి స్టేషన్లో వదిలిపోయారని, సుడలైమాడన్ జాలిపడి కాలకుండా మిగిలిన గదిలో చోటిచ్చాడని చెప్పాడు తమ్ముడు.

"ఇంటికి పోదాం పా."

"రానన్నా. ఈ ముఖం అమ్మకు చూపించలేను. పోయినాడని చెప్పు."

"చెబితే అమ్మ కూడా పోతుందిరా." తాత వాడి పాదాలు పట్టుకున్నాడు. పెద్దవాడు చిన్నవాడి కాళ్ళు పట్టుకున్నాడు. "నా చేత్తో పోస్తే గంజి మింగడం లేదు. నీ చేత్తో ఒక్క గుక్క పొయ్యి. ఆ తరవాత నీ ఇష్టం. నిన్ను మళ్ళీ ఇక్కడే దిగబెట్టమన్నా దిగబెడతా."

చెల్లసామి అన్న భుజం తడుముకుని లేచాడు.

గేటు దగ్గర సుడలైమాడన్ కన్నీళ్ళు పెట్టుకున్నాడు. మిల్లు యజమానికి తెలిస్తే గుడ్డివాణ్ణి తరిమేస్తాడని భయపడి ఆ సంగతి ఎవరికీ చెప్పలేదన్నాడు. అన్నదమ్ములు రైలెక్కి కోవిల్‌పట్టిలో దిగారు. తెల్లారేసరికి చెల్లసామి, అమ్మ తల తన ఒడిలో పెట్టుకున్నాడు. ఆమె వాడి ముఖం మీద గుంతలు వేళ్ళతో తడిమి, గంజి మింగింది. ఇంకా రెండు పంటల కాలం బతికింది.

మా ఇంట్లో ఈ కథ ఇక్కడితో అయిపోయేది. పత్తిమిల్లు దెయ్యం మన చెల్లసామేనని చెప్పుకుని నవ్వుకునేవాళ్ళం. చెల్లసామి తాత కూడా మాతోపాటు నవ్వేవాడు.

ఆయన పోయిన తరవాత, పెద్దకర్మ నాటి సాయంత్రం, మా తాత నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

"మిల్లు దగ్గర ఆ పొద్దు ఇంకొకటి జరిగింది," అన్నాడు. "వాడు బతికున్నన్నాళ్ళూ నేను ఎవరికీ చెప్పలేదు."

పోదామని లేచినప్పుడు చెల్లసామి ఆగాడంట. "ఉండన్నా, కాపలాయనకు చెప్పి వస్తా."

"గేటు దగ్గర ఉండాడు. పోతా పోతా చెబుదాం."

"గేటు దగ్గర ఎందుకుంటాడు? ఇక్కడే ఉండాడు గదా," అన్నాడంట తమ్ముడు. "చీకటి పడితే రోజూ నాతో ఆడేది ఆయనే. మాట్లాడడు... బంతి మాత్రం సరిగ్గా నా కాలికే పంపుతాడు."

తాత తిరిగి చూశాడు. కాలిన దూలాల సందులోంచి, దూరంగా గేటు దగ్గర లాంతరు. దాని పక్కన ముడుచుకు కూర్చున్న సుడలైమాడన్.

ఇటు చూశాడు. బంతి గోడకు తగిలి వస్తోందని అనుకున్నాడు అంతసేపూ. అక్కడ గోడ లేదు. రైలు కట్ట దాకా బోడి నల్లనేల. మనిషి లేడు, చెట్టు లేదు.

ఆ నేల మీదనుంచి... థప్.

బంతి దొర్లుకుంటూ వచ్చి చెల్లసామి ఎడమ కాలి దగ్గర ఆగింది. వాడు నవ్వాడు. ట్చ... ట్చ... అని మెల్లగా వెనక్కి తన్నాడు.

"ఇంక నేను రాను. మా అమ్మ పిలుస్తోంది," అన్నాడు ఆ చీకటితో. తరవాత అన్న చేయి పట్టుకున్నాడు. "ఏందన్నా... నీ చేయి ఇంత చల్లగా ఉంది?"

తాత వాణ్ణి పట్టుకుని వెనక్కి చూడకుండా నడిచాడు.

"మేము పోతా ఉంటే వెనక చప్పుడు ఆగలేదు," అన్నాడు తాత, గొంతు తగ్గించి. "ఒక వైపు నుంచి థప్... కాసేపటికి ఇంకో వైపు నుంచి, తమ్ముడు నిలబడిన చోటినుంచి... థప్."