తాతయ్య ఇంజిన్

ఆ ఉదయం కూడా రొట్టె, జాతర్ పొడి, ఆలివ్ నూనె ఎప్పటిలాగే బల్ల మీదకు వచ్చాయి. మాటలే రాలేదు. తండ్రికి చెప్పాల్సింది రుబా తల్లితో చెబుతోంది. కూతురికి చెప్పాల్సింది హాయెల్ టీ గ్లాసులోకి చూస్తూ చెబుతున్నాడు. ఇద్దరి మధ్యా కూర్చున్న తల్లి తమామ్‌కు తన రొట్టె తాను తినే తీరికే లేదు.

రుబా కార్ల మరమ్మతులో డిప్లొమా చేస్తానన్నప్పుడు, సరదాకేలే అని హాయెల్ ఊరుకున్నాడు. ఇప్పుడు అమ్మాన్‌లో ఒక ఆవిడ నడిపే గ్యారేజీలో ఉద్యోగం వచ్చింది. ఆదివారం చేరాలి. దాంతో అతని గొంతు లేచింది. తమ ఊరు జర్కాలో తన పేరు చెబితే లేచి నిలబడే వాళ్లున్నారని, వాళ్ల ముందు తన కూతురు కార్ల కింద దూరడమేమిటని పట్టుబట్టాడు.

ఆ సమయానికే వాకిట్లో ఉన్న పాత కారు మొరాయించింది. ఇంజిన్ మీద మూతలా బిగించే హెడ్ పగిలిందని మెకానిక్ ఊడదీసి పెట్టాడు. పాతబజారులో మరొకటి తెచ్చుకోవాలి. హాయెల్ బండి కాగితాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"యమ్మా, ఆయనతో చెప్పు," అంది రుబా. "కాగితాల్లో ఉన్న నంబరు కాదు, ఇంజిన్ మీద కొట్టిన నంబరు చూసుకోవాలి. మసి తుడిచి చూశాను. రెండూ ఒకటి కావు."

"దానితో చెప్పు తమామ్. ఈ బండి మా నాన్న కొత్తగా కొన్నది. బయటి ఇనుము ఒక్క ముక్క కూడా ఇందులో లేదు."

ఈ మాట తమామ్ పెళ్లయిన నాటి నుంచి వింటోంది. బంధువులందరికీ కంఠస్థం. ఆమె తలకు గుడ్డ చుట్టుకుని వాళ్లతో బయలుదేరింది. ఇద్దరినే పంపితే తిరిగి ఒకే టాక్సీలో వస్తారన్న నమ్మకం ఆమెకు లేదు. రుబా హెడ్ కింద పరిచే పాత గాస్కెట్ రేకును వార్తాపత్రికలో చుట్టి చంకలో పెట్టుకుంది. ఆ చెత్త ఎందుకని హాయెల్ గొణిగాడు, టాక్సీ డ్రైవరుతో.

పాతబజారులో అబూ సఖర్ దుకాణం హాయెల్ తండ్రి కాలం నుంచీ ఉంది. ముసలాయన కాగితం చూసి, లోపలినుంచి ఒక హెడ్ తెప్పించి బల్ల మీద పెట్టించాడు. శుభ్రంగా, ఎక్కడా గీత లేకుండా ఉంది. హాయెల్ దాన్ని గుర్రం మెడ నిమిరినట్టు నిమిరాడు.

రుబా పత్రిక విప్పి గాస్కెట్‌ను హెడ్ మీద పరిచింది. నీళ్ల రంధ్రాలు ఒకటీ కుదరలేదు. గాస్కెట్‌లోని నాలుగు గుండ్రటి కంతలూ కింద ఉన్నవాటికన్నా పెద్దవి.

"వేడికి సాగి ఉంటుంది," అన్నాడు హాయెల్.

"నాలుగూ ఒకేలా సాగాయా, యాబా?"

ఉదయం నుంచి ఆమె అతనితో నేరుగా అన్న మొదటి మాట అది. తమామ్ నవ్వు ఆపుకోవడానికి తలగుడ్డ సర్దుకుంది. ముసలాయన గాస్కెట్ అందుకుని వెలుగుకు పెట్టి చూశాడు. తర్వాత హాయెల్‌ను చూశాడు.

"ఇంజిన్ మీది నంబరు చూసుకోలేదా నాయనా?"

"చూడటానికేముంది బాబాయ్, ఒరిజినలేగా."

"పెళ్లికి ముందు స్నేహితులతో అకబా వెళ్లొచ్చావు, గుర్తుందా? రేడియేటర్‌లో చుక్క నీళ్లు లేకుండా, పాటలు పాడుకుంటూ."

హాయెల్‌కు గుర్తుంది. దారిలో పొగలు వచ్చాయి. నాన్న చూసి, గొట్టం ఒకటి పగిలిందిలే, మార్పించానన్నాడు. ఒక్క మాట తిట్టలేదు.

"గొట్టం కాదు, ఇంజినే కాలిపోయింది. మీ నాన్న ఈ బల్ల దగ్గరే వేరేది ఎంచుకున్నాడు. పాతదాని సైజుది దొరక్క, దానికన్నా పెద్దది పెట్టించాడు. కుర్రాడు బాధపడతాడు, వాడికి తెలియనివ్వకు అన్నాడు. కాగితాలు కూడా మార్పించలేదు. ఆ తర్వాత అజ్లూన్ కొండల ఎత్తు బండి ఎంత బాగా ఎక్కుతోందో అని నువ్వు ఇక్కడికే వచ్చి గొప్పలు చెప్పావు. మీ నాన్న పక్కనే కూర్చుని, అంతా నీ డ్రైవింగ్ మహిమే అన్నాడు."

ముందు తమామ్ నవ్వింది, తర్వాత రుబా. హాయెల్ కూడా నవ్వబోయాడు గానీ, కళ్లలో నీళ్లు వచ్చాయి. ఇన్నేళ్లూ తను చెప్పుకున్న ఒరిజినల్ గొప్ప వెనక నాన్న కూర్చుని చూస్తున్నాడన్నమాట. కొడుకు తల దించుకోకూడదని చివరిదాకా నోరు విప్పలేదన్నమాట.

ముసలాయన యాలకుల కాఫీ పోసి అందరికీ ఇచ్చాడు. రుబా కప్పు అందుకుంది, కానీ తాగలేదు. మెల్లగా తండ్రి ముందు బల్ల మీద పెట్టింది. కోరిక తీరేదాకా కాఫీ ముట్టని ఆచారం. పిల్లను అడగడానికి వచ్చిన పెద్దమనుషులు చేసే పని అది. కూతురు తండ్రి ముందు చేయడం అక్కడెవరూ చూడలేదు.

తమామ్ తన కప్పు కూడా ఆ కప్పు పక్కనే పెట్టింది. అబూ సఖర్ ఇద్దరినీ చూసి, తనదీ దించేశాడు.

హాయెల్ చేతిలో ఒక్క కప్పే మిగిలింది. దానికేసి చూశాడు, పనికిరాని హెడ్‌కేసి చూశాడు, చివరికి కూతురి గోళ్లకింది మసికేసి చూశాడు. తన తండ్రి చేతులు సరిగ్గా అలాగే ఉండేవి.

"ముందు మన బండికి సరిపోయే హెడ్ వెతికిపెట్టు," అన్నాడు. "ఆదివారం అమ్మాన్‌లో దింపడానికి బండి కావాలి కదా."

రుబా కదల్లేదు. ఆచారంలో తాగమనే మాట నోటితో పలికించుకోవడం కూడా ఉంది.

"తాగు తల్లీ," అన్నాడు హాయెల్. "చల్లారిపోతోంది."

మూడు కప్పులూ ఒక్కసారే పైకి లేచాయి.