మందు కొట్టని తోట

సురేఖ తోటలోకి వచ్చేసరికి యోగానంద్ వీపున స్ప్రేయర్‌తో వంకాయ మడి పక్కన నిలబడి ఉన్నాడు. అతనికి గుడియాత్తంలో పురుగుమందుల షాపు ఉంది. ఆమె తోటలో మందు వాడదు. అయినా ఏడాదిగా అతను వస్తున్నాడు, ఏమీ అమ్మకుండా వెళుతున్నాడు.

"యాడికప్పా దాంతో?"

"పురుగు పట్టిందని మీ నాయన చెప్పినాడు. రేపు గెస్టులు వస్తాండారు కదా."

ముత్తాత కట్టిన బంగళాకు సున్నం వేయించి, బీడుపడ్డ తోటను సాగులోకి తెచ్చి, మందుల్లేని పంట, సెలవులకు బస అని మద్రాసు పేపర్లో ప్రకటన ఇచ్చింది సురేఖ. రేపు వచ్చేది మొదటి కుటుంబం. వాళ్లు పెదవి విరిస్తే తోటను తోళ్ల ఫ్యాక్టరీకి లీజుకిస్తానని తండ్రి ఆదిమూలం తేల్చి చెప్పాడు.

"దించు."

"ఇది మందు కాదు. వేపాకు కషాయం. మా అమ్మ కాచింది."

"నేనెట్ల నమ్మేది?"

యోగానంద్ స్ప్రేయర్ దించి, ట్యాంకులో గ్లాసు ముంచి నోటి దగ్గరికి తెచ్చాడు. సురేఖ ఒక్క దెబ్బ కొట్టింది. గ్లాసు వెళ్లి బురదలో పడింది.

"కషాయం సరే. ట్యాంకు మీ షాపుది కదా? నిన్నటిదాకా దాంట్లో ఏముండింది?"

యోగానంద్ ఆలోచించాడు. ముఖం పాలిపోయింది.

"నేను పోతే నీకంత బాధా?"

"రేపు గెస్టులు వస్తాండారు. చావింట్లో ఎవరు దిగుతారు?"

ఆమె మడిలోకి దిగి, చేత్తోనే పురుగులు ఏరడం మొదలుపెట్టింది.

యోగానంద్ స్ప్రేయర్‌ను గేటు బయట పెట్టి వచ్చి, ఆమె పక్కనే వంగి తనూ ఏరసాగాడు.

"మా షాపులో ఇది ఒక మూత మందు పని."

"అయితే మీ షాపుకే పో."

పోలేదు. పొద్దు వాలేదాకా ఏరాడు.

మరునాడు వంకాయ కూర వడ్డిస్తున్న యోగానంద్‌ను, మద్రాసు నుంచి వచ్చిన రామానుజం అడిగాడు.

"మీరేం చేస్తుంటారు?"

ఆదిమూలం దూలం వైపు చూశాడు.

"పురుగుమందులు అమ్ముతానండి," అన్నాడు యోగానంద్. అబద్ధం అతనికి చేతకాదు.

రామానుజం చేయి ఆకు మీదే ఆగిపోయింది.

"నిన్నటిదాకా సార్," అంది సురేఖ. "ఇప్పుడు మా తోటలో చేత్తో పురుగులు ఏరతాడు."

"టెంపరరీగానా?"

"పర్మనెంటు."

యోగానంద్ గరిటె జారవిడిచాడు. రామానుజం నవ్వి, వచ్చే నెల తమ్ముడి కుటుంబానికీ గదులు కావాలన్నాడు.

ఆదిమూలం దూలం మీది నుంచి చూపు దించాడు.

"సురేఖా, అల్లుడికీ ఒక ఆకు వెయ్యమ్మా. అప్పుట్నించీ నిలబడే ఉండాడు."