వెనక్కి నడిచిన బల్బుల బొమ్మ

ఆత్మకూరు యాసిన్ లైటింగ్ పని ఊరూరా తెలుసు. నోరు మాత్రం పెగలదని అనుమసముద్రంపేటలో గాజుల అంగడి జానీ బాషా కూతురు మునీరాకే తెలుసు.

"మళ్లీ ఏం కావాల?" అంది మునీరా.

"గాజులు... మా అమ్మకి."

"మీయమ్మకి ఎన్ని చేతులుండాయి? నెలనాళ్లుగా కొంటానే ఉండావు!"

యాసిన్ నవ్వబోయి, దగ్గి, అలవాటు ప్రకారం వెనకడుగు వేశాడు.

"పారిపో. దర్గా గంధం పండగ మరునాడు కావలి ఊరోళ్లు నన్ను పెళ్లికి చూసేదానికి వస్తా ఉండారు. చెప్పేదుంటే ఆలోపలే చెప్పు."

"గంధం రోజు నా సీరియల్ బల్బుల సెట్ చెప్తాది. మీ అంగడి ఎదురుగానే కడతా, చూడు!"

ఆ గొప్పలు ఎందుకు కొట్టాడో అతనికే తెలీదు. పెద్ద బోర్డు మీద రంగు బల్బులతో ఒక పిల్లనీ, పిల్లవాడినీ తయారుచేశాడు. కట్టె డ్రమ్ముకి రాగి రేకులు కొట్టి, పాత ఫ్యాను మోటారుతో తిప్పాడు. ఏ రేకు ఏ వైరుకి తగిలితే ఆ బల్బులు వెలుగుతాయి. పిల్లవాడు రోజాపువ్వుతో నడిచొచ్చి పిల్ల చేతికివ్వాలి. తనకు చేతకాని పని బల్బులతో చేయించడం సిగ్గుచేటే. అయినా బల్బులకి నోరు తడారిపోదు కదా అని సర్దిచెప్పుకున్నాడు.

గంధం నాడు పొద్దుగూకి మగ్రిబ్ నమాజు కాగానే స్విచ్ వేశాడు. బజారంతా తలెత్తింది.

బల్బుల పిల్లవాడు పిల్ల చేతిలోని రోజాని లాక్కున్నాడు! అడుగులో అడుగు వేస్తూ వెనక్కి వెనక్కి వెళ్లి మాయమయ్యాడు. మళ్లీ ప్రత్యక్షమై మళ్లీ లాక్కున్నాడు.

హడావుడిలో మోటారు వైర్లు తారుమారు చేసి, డ్రమ్ముని వెనక్కి తిప్పాడు మన మహానుభావుడు.

"ఇచ్చిన పువ్వు ఎత్తుకపోతా ఉండాడే! ఎవుడ్రా ఈ పిసినారి?" జానీ బాషా పొట్ట పట్టుకుని నవ్వాడు.

యాసిన్ నిచ్చెన కోసం పరిగెత్తబోయి మునీరాని చూశాడు. ఆమె నవ్వడం లేదు. కళ్లు నిండి ఉన్నాయి. రేపే కావలోళ్లు వస్తారు. ఇంకా బొమ్మని నమ్ముకుంటే అంతే సంగతులు. అంగడి మెట్టెక్కాడు.

"చాచా, ఆ పిసినారి నేనే. మునీరా అంటే నాకు ప్రాణం. నోటితో చెప్పలేక బల్బులకి అప్పజెప్పినాను. అవీ నా మాదిరే ఎనక్కి నడిచినాయి."

జానీ బాషా నవ్వు ఆగింది. "ఏం బేటీ, నీకిష్టమేనా?"

మునీరా తల వంచుకునే ఊపింది.

"సరే, కావలోళ్లకి రావద్దని కబురు పెడతాలే. మీయమ్మని రమ్మను. ముందు పోయి ఆ బొమ్మని తిన్నగా నడిపించు."

"వద్దొద్దు!" మునీరా గబుక్కున అంది. "అట్నే ఉండనీ. ఎనక్కి పోతా ఉన్నా, మొకం ఆ పిల్ల వైపే ఉండాది."