లద్దాఖ్ లెవెల్ పిల్ల

గాజుపెట్టెలో పిల్ల నవ్వుతోంది. బయట నిలబడ్డ పెద్దవాళ్లు వణుకుతున్నారు.

పెట్టెలో గ్లాసుడు నీళ్లు పెడితే కాసేపట్లో గడ్డకట్టేంత చలి. పిల్ల ఒంటి మీద డైపర్ తప్ప నూలుపోగు లేదు. ఐదో నెల పిల్ల, బూరెల్లాంటి బుగ్గలు. చల్లగాలి మొహాన కొట్టినప్పుడల్లా ఎవరో చక్కిలిగింతలు పెట్టినట్టు కాళ్లు గాల్లోకి విసిరి కిలకిలమంటోంది.

“చూశారా అత్తయ్యా?” అంది ఉత్పల, గాజు మీంచి కళ్లు తిప్పకుండా. “తుమ్మిందా? కనీసం ముక్కయినా కారిందా?”

సత్యవేణి చూడటం లేదు. శాలువా కొంగు కళ్లకి అడ్డం పెట్టుకుని, తెలిసిన దేవుళ్లందరినీ పేరుపేరునా పిలుస్తోంది. ఆ పక్కన ఉత్పల భర్త వంశీధర్, స్వెట్టర్ మీద జెర్కిన్, నెత్తిన మంకీ క్యాప్. పిల్ల వంక ఒకసారి చూస్తే, బయటికి పోయే తలుపు వంక రెండుసార్లు చూస్తున్నాడు. తల్లీకొడుకుల వాలకం చూసి ఉత్పలకి నవ్వొచ్చింది. పెట్టెలో ఉన్నది పసిగుడ్డు, ప్రాణాలు అరచేతిలో పెట్టుకున్నది వీళ్లు.

ఆ పెట్టెకి ల్యాబ్ వాళ్లు పెట్టిన పేరు ఏదో పొడుగ్గా ఉంది. జనం మాత్రం చలిఉయ్యాల అంటున్నారు.

హైదరాబాదుకి చలికాలం కొత్తగా వచ్చిన రోజులవి. అంతకుముందు ఈ ఊళ్లో చలి అంటే డిసెంబరులో ఫ్యాను ఒక పాయింటు తగ్గించడం. తర్వాత ఎక్కడో ఉత్తరాన పైగాలులు దారి తప్పాయి. హిమాలయాల అవతలే ఆగాల్సిన గాలి నేరుగా దక్కన్ మీదికి దిగడం మొదలుపెట్టింది. ఎందుకు దిగిందో సైంటిస్టులు టీవీల్లో విడమరిచి చెప్పారు. ఊరు వినలేదు. మొదటి ఏడాది చెరువుల అంచున పేరుకున్న మంచు ముందు నిలబడి సెల్ఫీలు దిగింది. తర్వాతి వారం ఆసుపత్రుల ముందు నిలబడింది.

రెండో ఏడాదికి జనానికి తెలివి వచ్చిందా అంటే, రాలేదు. స్వెట్టర్లు వచ్చాయి. పసిపిల్లలకి బనీను మీద ఝబ్లా, దాని మీద స్వెట్టరు, దాని మీద ఇంకో స్వెట్టరు, అన్నిటి మీదా బొంత. కూకట్‌పల్లి రోడ్ల మీద తల్లులు పిల్లల్ని ఎత్తుకున్నట్టు ఉండేది కాదు, పార్సిల్ ఆఫీసుకి మూటలు మోసుకెళ్తున్నట్టు ఉండేది. లోపల పిల్ల ఉన్నదీ లేనిదీ ఏడిస్తేనే తెలిసేది. ఉత్పల వాళ్ల అపార్ట్‌మెంట్‌లో కింది ఫ్లోర్ వాళ్లు పసివాణ్ని వెచ్చగా ఉంచాలని కిటికీలన్నీ బిగించి, మంచం కింద బొగ్గుల కుంపటి పెట్టారు. చలి వాణ్ని ఏమీ చేయలేదు. పొగ తీసుకుపోయింది. అప్పుడు ఉత్పల కడుపుతో ఉంది. ఆ చిన్న తెల్లగుడ్డ మూట మెట్ల మీద తనకి ఎదురొచ్చింది. నా బిడ్డని మాత్రం వీళ్ల అజ్ఞానానికి అప్పజెప్పను అని ఆ మెట్ల మీదే అనుకుంది.

ఉత్పల ఇంటర్‌తో చదువు ఆపేసింది. ఆపించారు అనడం సబబు. ఆ తర్వాత ఎవరూ చెప్పకుండానే, దొరికింది దొరికినట్టు చదివి తనంతట తను నేర్చుకుంది. అందుకే డిగ్రీలున్నవాళ్లంటే చులకన, లేనివాళ్లంటే మరీ చులకన.

ఇంతలో పిల్ల పుట్టింది, జాబిలి అని పేరు పెట్టుకున్నారు, ఇంకో చలికాలం దగ్గరపడింది. దసరా వెళ్లగానే సత్యవేణి బజారు నుంచి కొత్త కుంపటి తెచ్చింది.

“ఇదెందుకు అత్తయ్యా?”

“పిల్లకి స్నానం చేయించి, సాంబ్రాణి వేసి, తలుపులు దగ్గరగా వేసుకుంటే గదంతా వెచ్చగా ఉంటుంది కదమ్మాయ్. పాడేరులో ఉన్నప్పుడు మీ ఆయన్ని అలాగే పెంచాను.”

“కనిపిస్తూనే ఉందిలెండి.”

వంశీధర్ ఫోన్లోంచి తలెత్తాడు. “ఏంటి, నన్నేనా?”

“ఆ పొగలో ఇంకెవర్ని పెంచారు మరి?” అంది ఉత్పల. కుంపటి తీసుకెళ్లి వాచ్‌మన్‌కి ఇచ్చేసి, అటునుంచి అటే పిల్లనెత్తుకుని ఊరి చివరి ల్యాబ్‌కి బయల్దేరింది.

చలిఉయ్యాల కనిపెట్టిన డాక్టర్ గౌరీనాథ్‌కి పాఠం చెప్పడమంటే ఇష్టం. ఎదుటివాళ్లకి ఏమీ తెలియకపోవడం అంతకన్నా ఇష్టం.

“చలేస్తే మీరేం చేస్తారమ్మా?” అన్నాడు, చిన్నపిల్లని అడిగినట్టు.

“వణుకుతాను. వణికితే కండరాలు కదిలి వేడి పుడుతుంది. పసిపిల్లలకి వణకడం చేతకాదు. వాళ్లకి మెడ వెనకా, భుజాల మధ్యా బ్రౌన్ ఫ్యాట్ అని ఉంటుంది. పొయ్యిలో కట్టెల్లాగా అది కాలి ఒళ్లు వెచ్చబడుతుంది. పెద్దవుతుంటే తగ్గిపోతుంది. చదివాను. మీ మెషిన్ ఏం చేస్తుందో అది చెప్పండి.”

గౌరీనాథ్ మొహం కాస్త చిన్నబోయింది. “ఆ పొయ్యిని పెద్దది చేస్తుంది. రోజూ కొంచెం కొంచెంగా చలి పెంచుతాం. మెడ దగ్గర నరానికి సన్నటి కరెంటు పల్స్ ఇస్తాం. దాంతో ఒళ్లు ఇంకా బ్రౌన్ ఫ్యాట్ తయారుచేసుకుంటుంది. పోతే, మెదడులో థెర్మోస్టాట్ లాంటిది ఒకటుంది. ఏది చలో ఏది వేడో నిర్ణయించేది అదే. దాన్ని కూడా కిందికి జరుపుతాం. ఇక స్వెట్టరుతో పనిలేదు.”

మెషిన్‌కి మూడు లెవెల్స్ ఉన్నాయి. అరకు, సిమ్లా, లద్దాఖ్.

“హైదరాబాదుకి అరకు చాలు,” అన్నాడాయన. “మీ అపార్ట్‌మెంట్‌లోనే ఒక బాబుకి చేశాం. కుసుమగారని, వాళ్లబ్బాయికి. చక్కగా ఉన్నాడు.”

కుసుమది పక్క ఫ్లాటు. పిల్లాడికి జ్వరమొస్తే థర్మామీటర్ తలకిందులుగా పట్టుకుని చదివి, ఊరంతా ఫోన్లు చేసే మనిషి. ఆవిడ కొడుకుదీ అరకే, తన కూతురిదీ అరకేనా? ఉత్పలకి ఒళ్లు మండింది.

ఈ ఊళ్లో ‘చాలు’ అన్న మాటకి ఎన్నడూ విలువ లేదు. పాసైతే చాలన్న కాలేజీ మాన్పించి, ర్యాంకు తెప్పిస్తామన్న కాలేజీలో చేర్పించే ఊరు ఇది. అందరినీ ఈసడించే ఉత్పల ఈ ఒక్క విషయంలో అచ్చంగా ఈ ఊరి మనిషే.

“మాకు లద్దాఖ్ చేయండి.”

“అంత అవసరం లేదమ్మా.”

“అవసరం లేదా, మీకు చేతకాదా?”

గౌరీనాథ్ కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. లద్దాఖ్ దాకా ఇంతవరకూ ఒక్క తల్లీ ఒప్పుకోలేదు. ఆ లెవెల్ పనిచేసిందని చూపిస్తే ఆయన పేరు దేశదేశాల్లో మోగిపోతుంది. ర్యాంకు పిచ్చి తల్లులకేనా ఉండేది?

“సంతకం పెట్టండి,” అన్నాడు.

అలా ఆ చలిఉయ్యాలలో పిల్ల నవ్వింది. చివరి రోజున గౌరీనాథ్ ఫొటోలు తీయించుకున్నాడు, సత్యవేణి దిష్టి తీసింది, వంశీధర్ జలుబుతో పడకేశాడు.

డిసెంబరు వచ్చింది. కుళాయి తిప్పితే మొదట గాలి, తర్వాత మంచు పలుకులు, ఆ తర్వాత దయతలిస్తే నీళ్లు. తల్లులు మూటలు కట్టడం మొదలెట్టారు. ఉత్పల మాత్రం జాబిలికి చేతుల్లేని ఝబ్లా తొడిగి ప్రామ్‌లో కింద తిప్పింది.

“అయ్యో, పిల్లకి చలేయదూ?” అనేవాళ్లు ఆడవాళ్లు.

“చలి తెలివితక్కువవాళ్లకి వేస్తుందండీ,” అనేది.

కుసుమ తన కొడుకుని పల్చటి దుప్పట్లో చుట్టుకుని వచ్చి, “మా వాడికీ చేయించాం కదా, స్వెట్టరు మానేశాం,” అంది ఆశగా.

“మీ వాడిది అరకేగా,” అంది ఉత్పల. అంతే. కుసుమ మొహం అరచెయ్యంత అయిపోయింది. ఉత్పలకి ఆ రోజు కడుపునిండా అన్నం తిన్నట్టుంది.

ఆ సంతోషం మీదే పిల్లని ఒళ్లోకి తీసుకుంది. పిల్ల గింజుకుంది. ఆకలేమో అనుకుని పాలివ్వబోతే, మరిగే పాలగ్లాసు మూతికి తగిలినట్టు మొహం తిప్పేసి గుక్కపట్టింది. కింద పడుకోబెట్టగానే ఊరుకుంది. గచ్చు మీద బుగ్గ ఆనించి, హాయిగా నిట్టూర్చింది.

ఒకరోజు అనుకుంది, రెండ్రోజులనుకుంది. పళ్లొస్తున్నాయేమో, కడుపునొప్పేమో అనుకుంది. సత్యవేణి ఎండుమిరపకాయలు తిప్పి నిప్పులో వేస్తే, ఆ సెగకి పిల్ల ఇల్లెగిరిపోయేలా ఏడ్చింది. చివరికి పాలు పిండి, సీసాలో పోసి, ఫ్రిజ్‌లో పెట్టి తీసి, దూరం నుంచి పడితే గటగటా తాగింది. కిటికీలు తెరిస్తేనే నిద్రపోతోంది. కాబట్టి తెరిచిన కిటికీల మధ్య ఇంటిల్లిపాదీ మంకీ క్యాపుల్లో అన్నాలు తింటున్నారు.

సంక్రాంతి సెలవులు కూడా కాకముందే పిల్ల పాకడం నేర్చుకుంది. మొట్టమొదట పాకింది ఫ్రిజ్ దగ్గరికి. తలుపుకి రెండు చేతులూ ఆనించి, బోసినోటితో దాన్ని చూసి నవ్వింది. వంశీధర్ వీడియో తీశాడు. ఉత్పల ఆ వీడియో చూడలేదు. చేతులు చాపి “రా అమ్మా, రా” అంటే, పిల్ల తనని కుంపటిని చూసినట్టు చూసి వెనక్కి జరగడం అప్పటికే చూసింది.

ల్యాబ్‌కి పరుగెత్తింది.

“ఎత్తుకోనివ్వడం లేదు,” అంది.

“అద్భుతం!” అన్నాడు గౌరీనాథ్. “మెషిన్ ఆపాక కూడా థెర్మోస్టాట్ అంత కిందికి దిగిందన్నమాట! మామూలు మనిషి ఒళ్లు పాపకి మే నెల ఎండలో పొయ్యి పక్కన కూర్చున్నట్టు ఉంటుంది. ఈ సంగతి నేను కాన్ఫరెన్సులో చెప్పొచ్చా?”

“నేను మామూలు మనిషిని కాదు. దాని తల్లిని.”

“టెంపరేచర్ అందరిదీ ఒకటేనమ్మా.”

“వెనక్కి మార్చండి.”

“కొవ్వు దానంతట అది తగ్గాలి, థెర్మోస్టాట్ దానంతట అది పైకి రావాలి. రెండేళ్లో, మూడేళ్లో. లద్దాఖ్ పిల్ల మీదొక్కతే కాబట్టి ఇదమిత్థంగా చెప్పలేను.”

“మరి వేసవి?”

“దానికి ఇంకో మెషిన్ తయారుచేస్తున్నాం,” అన్నాడు, ధైర్యం చెబుతున్నట్టు.

ఉత్పల ఇంటిదారి పట్టింది. రెండేళ్లకి పిల్ల నడుస్తుంది, మాట్లాడుతుంది. అమ్మ ఒడి అంటే కాల్చే వస్తువని నేర్చుకుని పెరుగుతుంది.

లిఫ్టులో కుసుమ ఎదురైంది. ఆవిడ భుజమ్మీద కొడుకు ఒళ్లెరక్కుండా నిద్రపోతున్నాడు. చొంగ చీర మీద కారుతోంది. వాడి పిడికిట్లో ఆవిడ మంగళసూత్రం. ఉత్పల రెప్పవేయకుండా చూసింది.

“అరకేలే మాది,” అంది కుసుమ మూతి బిగించి. “అలా చూడక్కర్లేదు.”

మర్నాడు తెల్లవారుతుండగా ఉత్పల బాత్రూములో గీజరు ఆపేసి, ట్యాంకు నీళ్లు బకెట్‌లో పట్టి, కట్టుబట్టలతో నెత్తిన గుమ్మరించుకుంది. ఊపిరాగినంత పనైంది. అలాగే బాల్కనీలోకి వెళ్లి గాలికెదురుగా నిలబడింది. పెదాలు నల్లబడ్డాయి. వేళ్లు తనవి కానట్టున్నాయి. ఇంకా చల్లబడాలి, ఇంకా, అనుకుంటూ రెయిలింగు పట్టుకుంది.

పక్క బాల్కనీ తలుపు తెరుచుకుంది. బొంత కప్పుకున్న కుసుమ నోరు తెరుచుకుని చూసింది.

“ఓసినీ! పెద్దవాళ్లకీ చేస్తున్నారా? నువ్వూ చేయించుకున్నావా? ఒక్క మాటయినా చెప్పలేదే!”

“కా... కాదు...” పళ్లు టకటకమంటున్నాయి.

“తడిబట్టల్తో నిలబడి కాదంటావేంటి? చెబితే మేమూ వస్తామని భయం నీకు. ఇవాళే వెళ్తాం. మా వాడికి కూడా లద్దాఖే చేయిస్తాను చూస్తూ ఉండు.”

“వద్దు కుసుమా... చేయించకు... పిల్ల నా దగ్గరికి...”

“మీ పిల్లొక్కతే గొప్పగా ఉండాలా? నీ సంగతి మాకు తెలీదా!” తలుపు దడాల్న మూసుకుంది. లోపల్నుంచి మొగుణ్ని లేపుతున్న గొంతు వినిపించింది.

అన్నాళ్లూ వాళ్ల మీద ఉత్పల విసిరిన మాటలన్నీ ఆ తలుపు వెనక గడియలయ్యాయి. మళ్లీ పిలిచే ఓపిక లేక లోపలికి వచ్చింది. గచ్చు మీద పిల్ల అప్పుడే లేచి గుప్పెట నోట్లో పెట్టుకుని ఉంది. పక్కన చతికిలబడి, చచ్చుబడిన వేలు పిల్ల బుగ్గకి ఆనించింది.

పిల్ల వెనక్కి జరగలేదు. ఆ వేలు పట్టుకుంది. తడిచీర పట్టుకుంది. ఒక్కో గుప్పెడూ లాక్కుంటూ ఒళ్లోకి ఎక్కింది. తలతో పొడిచి వెతుక్కుని, రొమ్ము పట్టుకుంది. మొహం చిట్లించింది గానీ వదల్లేదు. ఎన్నాళ్లకో ఆ బరువు చేతుల్లోకి వచ్చేసరికి ఉత్పల గుండె ఎక్కడో కరిగింది. కరిగితే ఒళ్లు వెచ్చబడుతుందని గుర్తొచ్చి, కళ్లు గట్టిగా మూసుకుని, వణుకు ఆగకుండా చూడమని ఏ దేవుణ్ని అడగాలో తెలియక అందర్నీ అడిగింది.

వెనక గదిలో అలికిడైంది. సత్యవేణి గుమ్మంలో నిలబడింది. తడిసి ముద్దయి, నీలుక్కుపోయి, పిల్లని అదుముకుని కూర్చున్న కోడల్ని చూసి ఆవిడ మనసు ఒక్కసారిగా నీరైపోయింది.

“అయ్యో నా తల్లీ! చలికి చచ్చిపోతావే!”

మాట్లాడితే పిల్ల ఉలిక్కిపడుతుందని ఉత్పల తల మాత్రం అడ్డంగా ఊపింది, వద్దు వద్దని. సత్యవేణికి అది కూడా వణుకులాగే కనిపించింది. పెళ్లయిన ఇన్నాళ్లలో ఎన్నడూ లేనంత ప్రేమగా, తను కప్పుకున్న వెచ్చటి బొంత తీసి, తల్లీపిల్లలిద్దరి మీదా నిండుగా కప్పేసింది.