హార్లన్ వాస్‌కి అభ్యంతరం లేదు

మా కాలనీలో ఇళ్ళన్నీ ఇసుక రంగే. గోడలు, గరాజు తలుపులు, ముంగిట పరిచిన కంకర, అన్నీ. మా టూసాన్ ఊరి ఎండలో కళ్ళు చికిలించి చూస్తే వీధి ఎక్కడ అయిపోయి ఎడారి ఎక్కడ మొదలైందో చెప్పలేం. నేను సివిల్ ఇంజనీరింగ్ చదివి, ఉద్యోగమంతా వంతెనలు కట్టడంలోనే గడిపినవాణ్ణి. నది మీద వంతెన వేసుకోమని ప్రభుత్వం నాకు అనుమతిచ్చింది. నా ఇంటి తలుపుకి రంగు వేసుకోమని మా కాలనీ సంఘం ఇవ్వలేదు.

నా భార్య మార్లిస్‌కి మతిమరుపు జబ్బు. సాయంత్రం నడక మాత్రం మానదు. ఆపితే ఏడుస్తుంది. వెళ్ళడం బాగానే వెళ్ళేది, తిరిగొచ్చేటప్పుడు ఏది మా ఇల్లో తెలిసేది కాదు. నేను వెంట వెళ్తే కోప్పడేది. ఓసారి ఎవరి వంటింట్లోనో దర్జాగా కాఫీ కాచుకుంటూ దొరికింది. ఇంకోసారి ఎండలో కంకర మీద పడిపోయింది. "మళ్ళీ తప్పిపోతే ఇంట్లో ఉంచుకోవడం కుదరదు, ఎక్కడైనా చేర్పించాల్సిందే" అన్నాడు డాక్టరు. ఇన్నేళ్ళ మనిషిని ఎక్కడో చేర్పించడమా?

నెబ్రాస్కాలో ఆమె పుట్టింటి తలుపు ముదురు నీలం. నా పేరైనా మరిచేది గాని ఆ తలుపుని మరవలేదు. అందుకని మా తలుపుకి నీలం వేద్దామనుకున్నాను. అంతే. కోట కట్టుకుంటానన్నానా?

సంఘం అధ్యక్షురాలు డార్లీన్ ప్రూయిట్. స్కూల్లో పిల్లల్ని దండించే ఉద్యోగం చేసి రిటైరైంది, అలవాటు పోలేదు. ఆవిడ కుక్క కూడా ఇసుక రంగే. కావాలని వెతికి తెచ్చుకుందని నా అనుమానం. మా దగ్గర పద్ధతేమిటంటే, అరచెయ్యంత మేర రంగు పూసి చూపించాలి, వాళ్ళొచ్చి చూడాలి. ఆపైన పక్కింటివాళ్ళు అభ్యంతరం లేదని చెప్పాలి. మాది వీధి చివరి ఇల్లు. పక్కన ఉన్నది హార్లన్ వాస్ ఒక్కడే.

హార్లన్ కిందటి వేసవిలో చచ్చిపోయాడు. ఏసీ పాడై, ఆ మూసిన ఇంట్లో ఒంటరిగా. వాసన వస్తే గాని ఎవరికీ తెలియలేదు. పక్కనే ఉన్న నాక్కూడా. వారసులు కోర్టుకెక్కారు, ఇంటికి తాళం పడింది.

ఆ సాయంత్రం డార్లీన్ కుక్కతో సహా వచ్చి, నేను పూసిన రంగుని తల వంచి, తల ఎత్తి చూసింది.

"రంగు సంగతి తర్వాత, ఎవరెట్. పక్కింటాయన ఏమన్నారు?"

"ఏమంటాడు? పోయాడుగా!"

"ఇల్లింకా ఆయన పేరు మీదే ఉంది. యజమాని మాట కావాలి. రూలు రూలే."

"సమాధి దగ్గరికెళ్ళి అడగనా?"

"వెటకారాలొద్దు. నీకొక్కడికి సడలిస్తే రేపు ఊరంతా నా గుమ్మంలో ఉంటుంది."

నా ఒళ్ళు మండిపోయింది. విసవిసా నడిచి హార్లన్ గుమ్మం ఎక్కి తలుపు దబదబా బాదాను. "ఏమయ్యా హార్లన్! మా ఆవిడకి ఇల్లు తెలియడం కోసం తలుపుకి నీలం రంగు వేస్తాం. నీకేమైనా అభ్యంతరమా? ఈ మహాతల్లికి నీ నోటితో వినాలట!"

కుక్క మూలిగింది.

లోపల్నించి, తలుపుకి నోరు ఆనించి మాట్లాడినట్టు, ఎండిపోయిన గొంతు...

"అభ్యంతరం లేదు. నాకూ అదే రంగు వేయిస్తే."

డార్లీన్ ముఖం పాలిపోయింది. "విన్నాను. వేసుకో" అని గొణిగి, కుక్కని ఈడ్చుకుంటూ వెళ్ళిపోయింది.

భయపడాల్సింది. నేను భయపడలేదు. ఎవడో దేశదిమ్మరి లోపల దూరాడనుకున్నాను. నాకు కావలసిన మాట నాకు దొరికింది, షరతు ఎవడిక్కావాలి? మర్నాడే మా తలుపుకి నీలం వేసేశాను.

మార్లిస్ తిన్నగా ఇంటికి రావడం మొదలుపెట్టింది. గుమ్మంలో నిలబడి తలుపుని చెంపతో తాకేది. "ఇంత మంచి పని నీ బుర్రకెలా తట్టింది, ముసలాడా?" అనేది. ఆ రోజులు చాలనుకున్నాను.

వానాకాలం మొదట్లో ఒక సాయంత్రం చెత్త డబ్బా బయట పెట్టడానికి వెళ్ళి చూస్తే... హార్లన్ తలుపు నీలంగా ఉంది. అదే నీలం. పచ్చి రంగు వాసన. దాని కింద ఇంకో వాసన, కిందటి వేసవిది.

ఇది డార్లీన్ పనే అనుకున్నాను, నన్ను వెక్కిరించడానికి. మార్లిస్ నడకకి వెళ్ళిన సంగతి కూడా మరిచి ఆవిడ ఇంటి మీదికి వెళ్ళి కేకలేశాను. డార్లీన్ తలుపు కొంచెమే తెరిచింది.

"నేను ఆ గుమ్మం మళ్ళీ ఎక్కలేదు, ఎవరెట్. ఆ రోజు నుంచి మీ వీధిలోకే రాలేదు" అంది. ఆవిడ కళ్ళల్లో నీళ్ళు.

అప్పుడు గుర్తొచ్చింది మార్లిస్.

పరుగెత్తాను. దక్షిణం నుంచి ధూళి తుఫాను లేచింది. గోధుమ రంగు గోడ ఒకటి వీధి మీద పడ్డట్టయింది. పొద్దు ఉండగానే చీకటి. కరెంటు పోయింది. నోట్లో ఇసుక. తడిసిన ఎడారి పొదల వాసన. ధూళి సందుల్లోంచి రెండు నీలం తలుపులు కనిపించాయి.

మా ఇల్లు ఖాళీ.

పక్కింట్లో చెంచా కప్పుకి తగిలిన చప్పుడు. మార్లిస్ నవ్వు.

"మార్లిస్! తలుపు తియ్యి!"

నవ్వు ఆగింది. "ఎవరది?" గుసగుసగా.

"నేను... ఎవరెట్‌ని."

"ఎవరెట్ ఇక్కడే ఉన్నాడుగా. కాఫీ తాగుతున్నాడు."

తరవాత లోపల్నించి ఒక మగ గొంతు. నా గొంతు. "ఎవరో దారి తప్పిన ముసలాడు. పంపించెయ్."

గొడ్డలి కోసం మా గరాజుకి పరుగెత్తాను. ఇందాక ఖాళీగా ఉన్న మా వంటింట్లో మార్లిస్ కూర్చుని ఉంది. జుట్టులో ఒక్క ఇసుక రేణువు లేదు. "ఎక్కడ తిరుగుతున్నావు, ఎవరెట్? కూర్చో" అంది.

మర్నాడు నేను పోరు పెడితే పోలీసులొచ్చి పక్కిల్లు తెరిచారు. లోపల ఎవరూ లేరు. మళ్ళీ తాళం వేశారు.

ఇప్పుడు మార్లిస్‌కి అన్నీ గుర్తే. మా పెళ్ళినాటి ముచ్చట్లు, మందుల వేళలు, నా చొక్కా కొలత. డాక్టరు ఆశ్చర్యపోతున్నాడు. ఎటు వెళ్ళినా తిన్నగా ఇంటికే వస్తుంది. నేను కోరుకున్నది ఇదే కదా?

పక్కింటి కిటికీకి లోపలివైపు దుమ్ము పేరుకుని ఉంటుంది. పొద్దు వాలేసరికి ఆ దుమ్ములో ఒకచోట గుండ్రంగా తుడిచి ఉంటుంది, ఎవరో బయటికి చూడ్డానికి తుడుచుకున్నట్టు. సరిగ్గా మార్లిస్ ముఖం ఆనేంత ఎత్తులో. పొద్దున్నకి మళ్ళీ దుమ్ము. సాయంత్రానికి మళ్ళీ తుడిచి...

నేనక్కడే నిలబడిపోతే నా వెనకగా వచ్చి, భుజం మీద చెయ్యి వేసి, కర్టెన్ లాగేస్తుంది ఈవిడ.

"పక్కింటి సంగతి మనకెందుకు?" అంటుంది మెల్లగా.