ఒక్క గీత

"రాణీ, మీ మామ చాయ్ అడుగుతున్నడే!"

పొద్దున్నే ఉప్పలమ్మ వేసిన కేకతో నాచారంలోని ఆ ఇల్లు తేలికపడింది. మరి పడదూ? నిన్నంతా చంద్రయ్య వాంతులతో, విరేచనాలతో అందరినీ హడలగొట్టాడు. పక్క వీధి డాక్టరు సెలైన్ ఎక్కించి పంపాడు. ఇవాళ లోపలి గదిలో లేచి గోడకానుకొని కూర్చున్నాడు. ఉప్పలమ్మకు నెత్తిన పాలు పోసినట్టయింది.

కోడలు రాణి మాత్రం నవ్వలేదు. విషాలను పట్టే పరీక్ష కిట్లు తయారుచేసే కంపెనీలో ఆమెకు పని. ఆదివారం సాయంత్రం ఇంట్లో మామ ఒక్కడే పుట్టగొడుగుల కూర తిన్నాడు. అత్తకు ఆ రోజు ఒక్కపొద్దు, మొగుడు రమేష్‌కు డ్యూటీ, తనకేమో అవి పడవు. అందుకే కంపెనీలో సారును బతిమాలి, పుట్టగొడుగుల విషం మూత్రంలో ఉందేమో చెప్పే చిన్న పట్టీ ఒకటి తెచ్చింది. మామ మూత్రం నాలుగు చుక్కలు దానిమీద వేసి, "పది నిమిషాలు ఆగున్రి. ఎందుకైనా మంచిది, ఆటో పిలుచుకొస్త" అని బయటికి పోయింది.

వసారాలో తల్లీకొడుకులు పట్టీ మీదికి వంగారు. ఒకే గీత తేలింది.

"ఒక్కటే! కరోనప్పుడు సూడలే? రెండొస్తెనే రోగం. నీ కూరల ఏం లేదే అమ్మా!" రమేష్ హమ్మయ్య అనుకున్నాడు.

ఉప్పలమ్మ కొంగుతో కళ్ళొత్తుకుంది. నిన్నటి నుంచీ కోడలి చూపు తప్పించుకు తిరుగుతోంది పాపం.

రాణి తిరిగొచ్చి పట్టీ చూసింది. చూసి మామ చెప్పులు తెచ్చి గడపలో పెట్టింది. "ఇది కరోనా కిట్ గాదు. విషం లేకుంటె రెండు గీతలొస్తయ్. విషముంటె రెండోది రాదు. లేవున్రి, దవాఖానకు పోదాం!"

"నాయిన మంచిగున్నడు గద! మా అమ్మ మీద నింద ఎయ్యనీకెనా ఇదంత?" రమేష్ మండిపడ్డాడు.

"ఈ విషం ఎక్కితె మొదలు మంచిగైనట్టే అనిపిస్తది. లోపల లివర్ కరాబైతనే ఉంటది. రేపు కండ్లు పచ్చబడితె ఏం జేస్తం?" రాణి అత్త వైపు తిరిగింది. "అత్తమ్మా, నిజం జెప్పు. అవి ఉప్పల్ బజార్ల కొన్నయేనా?"

ఏరుకొచ్చానంటే కోడలు పారబోస్తుందని, కొన్నానని అబద్ధమాడింది ఉప్పలమ్మ. చర్లపల్లి స్టేషన్ దారిలో చెట్ల కింద, మట్టికుప్ప మీద తెల్లగా మొలిచి కనిపిస్తే ప్రాణం లేచొచ్చింది మరి. ఊళ్ళో పుట్టల మీద ఏరుకు తిన్న మనిషి. ఇది చెదలు పెట్టిన పుట్ట కాదని, లారీ పోసిపోయిన మట్టి అని ఆమెకు తట్టనే లేదు.

"ఏరుకొచ్చిన బిడ్డా. వెండి మట్టె ఏసి ఉడకబెట్టిన, నల్లబడలే. మా అమ్మ గట్లనే సూసేది..."

"ఈ విషం వెండికేం తెలుస్తది అత్తమ్మా!"

రమేష్ తండ్రిని రెండు చేతులా ఎత్తి ఆటోలో కూర్చోబెట్టాడు.

ఉప్పల్ దవాఖానలో డాక్టరు పట్టీ చూసి, రక్తం తీయించి, రాణిని పక్కకు పిలిచాడు. "ఇవాళైనా తెచ్చారు. మందులు మొదలుపెడతాం. మూడు రోజులు గడవాలమ్మా. అప్పటిదాకా ఏ మాటా ఇవ్వలేను."

ఆ మాట ఉప్పలమ్మ చెవిన పడనే పడింది. దేవుడా, ఆయనకు బదులు నన్ను తీసుకపో అని గోడకు తల కొట్టుకుంటుంటే రాణి వచ్చి పట్టుకుంది.

చంద్రయ్యకు ఇవేవీ తెలియవు. మంచం మీద నుంచే విసుక్కున్నాడు. "ఏందే ఈ సూదులు? మంచిగనే ఉన్న గద. పా, ఇంటికి పోదాం."

"నేను జెప్పనా అత్తమ్మా?" మెల్లగా అడిగింది రాణి.

"వద్దు బిడ్డా. వండింది నేను."

ఉప్పలమ్మ మంచం దగ్గరికి పోయి అంతా చెప్పింది. మట్టికుప్ప సంగతి, మట్టె సంగతి, బజారని ఆడిన అబద్ధం, డాక్టరు అన్న మాట, ఏదీ దాచలేదు. "నా చేతుల్తోనే నీకు విషం పెట్టిన" అని బావురుమంది.

చంద్రయ్య సెలైన్ పెట్టిన చెయ్యి కదలకుండా మెల్లగా పక్కకు జరిగి, మంచం మీద జాగా చేశాడు.

"కూసో. ఎంతసేపు నిలబడ్తవ్? కాళ్ళు గుంజుతయ్."